ఏటా అదే బండ మీదికి: నల్లమలలో ఒక గంట ఊరికే కూర్చోవడం ఎలా

ఏడాదికోసారి ఏదో ఒక అడవికి వెళ్లొచ్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. కొందరికి అది కార్తీకంలో వనభోజనాలు, కొందరికి శివరాత్రికి ముందు నల్లమల మీదుగా శ్రీశైలం నడక, కొందరికి చైత్ర పౌర్ణమికి సలేశ్వరం, ఇంకొందరికి ఆఫీసు స్నేహితులతో మారేడుమిల్లి. వెళ్తాం, వండుకుని తింటాం, ఫొటోలు దిగుతాం, తిరిగొస్తాం. ఆ రెండు రోజుల్లో ఒక్క గంట, ఒకే చోట, ఎవరితోనూ మాట్లాడకుండా, ఫోన్ ముట్టుకోకుండా కూర్చునేవాళ్లు మాత్రం తక్కువ. ఇష్టం లేకేం కాదు, ఎలా కూర్చోవాలో ఎవరూ చెప్పలేదంతే. ఐదు నిమిషాలకే విసుగొస్తుంది, చీమలు కుడతాయి, మనసు ఈఎంఐల మీదికో ఇంట్లో గొడవల మీదికో పోతుంది, మనకిది పడదులే అనుకుని లేచిపోతాం.

కొంచెం పద్ధతి తెలిస్తే అందరికీ పడుతుంది. నేను ఏటా వెళ్లేది నల్లమలకి, అందులోనూ ఒకే చోటికి, అందుకే ఇక్కడ రాసేదంతా ఆ అడవిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నదే. మీది తలకోన కావచ్చు, కవ్వాల్ కావచ్చు, పాకాల చెరువు గట్టు కావచ్చు, అమెరికాలో ఉంటే మీ ఇంటికి నాలుగు గంటల దూరంలో ఉన్న ఏ నేషనల్ పార్కో కావచ్చు. చెట్ల పేర్లు మారతాయి, పద్ధతి పెద్దగా మారదు. శ్వాస మీద ధ్యాస, జపం లాంటివి మీకు అలవాటుంటే చాలా మంచిది, వాటిని ఇంట్లోనూ చేసుకోవచ్చు. అడవిలో మాత్రం కళ్లు మూసుకుని కూర్చోమని నేను చెప్పను, అంత దూరం వెళ్లింది ఆ అడవి కోసమే కదా.

చోటు మార్చకండి

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ప్రతి ఏడూ కొత్త చోటు చూడాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది, దానికి వేరే ట్రిప్ పెట్టుకోండి. నెమ్మదిగా కూర్చుని ఆలోచించుకోవాలంటే మాత్రం ఏటా అదే అడవి, వీలైతే అదే నెల, అదే చెట్టు, అదే బండ. కొత్త చోట కళ్లకే పని సరిపోతుంది, ఏది చూసినా వింతే, ఇక లోపలికి చూసుకునే తీరిక ఎక్కడిది? రెండోసారి వెళ్లేసరికి ఆ వింత సగం తగ్గుతుంది. ఇంకా తిరిగి తిరిగి వెళ్తుంటే ఆ చోటు మనకు తెలిసిన మనిషిలా అవుతుంది, పలకరించి ఊరుకోవచ్చు, మర్యాదలు అక్కర్లేదు.

అప్పుడు మార్పులు కనబడటం మొదలవుతుంది. పోయినేడు నిండుగా ఉన్న మద్దిచెట్టుకు ఒక కొమ్మ లేదు. వాగు ఈసారి ఎంత ఎత్తున పారిందో ఒడ్డున పొదల్లో చిక్కుకున్న పుల్లలు, ఎండుటాకులు చెబుతాయి. వెదురుపొద ఒకటి పూతకొచ్చి ఎండిపోయింది, దాని కింద సన్నటి మొలకలు లేచాయి. వీటిని చూస్తూ చూస్తూ ఉండగానే, ఎవరూ అడక్కుండానే, పోయినేడు ఇదే బండ మీద కూర్చుని దేని గురించి భయపడ్డామో గుర్తొస్తుంది. ఆ భయం ఇప్పుడుందా? లేకపోతే ఎప్పుడు పోయింది, ఎలా పోయింది? ఉంటే ఏడాదంతా దాన్ని మోస్తూ ఏం చేశాం? ఇంట్లో ఎంతసేపు కూర్చున్నా నాకు ఈ లెక్క తేలదు, ఎందుకంటే ఇల్లు రోజూ చూసే చోటు, అక్కడ పోయినేడాదికీ ఈ ఏడాదికీ మధ్య గీత కనబడదు.

నల్లమలలో కూర్చోవడానికి ఇంకో కారణం ఆ రాళ్లు. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రం వాళ్లు పిలిచే ఈ ప్రాంతపు శిలలు 100 కోట్ల ఏళ్లు దాటినవి. ఎప్పుడో నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక, బురద గట్టిపడి ఇలా పలకలు పలకలుగా లేచాయి. కొన్ని పలకల మీద ఆనాటి నీటి అలల ముడతలు ఇప్పటికీ చేతికి తగులుతాయి, అలాంటిది కనబడితే దాని పక్కనే మీ చోటు చూసుకోండి. మనసులో ఏదైనా గుబులుగా ఉన్నప్పుడు ఆ ముడతల మీద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం నాకు మేలు చేసింది. నా కష్టం చిన్నదైపోదు, అది ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది, కానీ దాని చుట్టూ చాలా చోటు ఉందని తెలుస్తుంది.

ఎక్కడ కూర్చోనిస్తారు

నల్లమలలో ఎక్కువ భాగం పులుల అభయారణ్యం. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ 1983లో వచ్చింది, 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన తెలంగాణ వైపున్న భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి నడిచి వెళ్లడం నేరం. రోడ్డు పక్కన కారాపి చెట్లలోకి దూరి కూర్చుంటామంటే కుదరదు, అది మనకూ మంచిది కాదు, అక్కడి జంతువులకూ మంచిది కాదు.

మరి ఎలా అంటే, అటవీశాఖ వాళ్లు బస ఏర్పాటు చేసిన చోట్లు ఉన్నాయి. ఆంధ్ర వైపు ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్లే దారిలో బైర్లూటి, దోర్నాల నుంచి శ్రీశైలం దారిలో తుమ్మలబైలు. తెలంగాణ వైపు హైదరాబాద్ నుంచి వచ్చే దారిలో మన్ననూరు, ఫరహాబాద్. ముందే బుక్ చేసుకుని, వెళ్లగానే అక్కడి సిబ్బందిని ఒక్క మాట అడగండి: "అన్నా, పొద్దున్నే ఒక గంట ఊరికే కూర్చోవాలి, ఎక్కడ కూర్చోవచ్చు?" వింతగా చూస్తారేమో అని మొహమాటపడకండి. ఏ చెట్టు కింద ఫర్వాలేదో, ఏ వైపు వెళ్లకూడదో వాళ్లకే తెలుసు. క్యాంపు కంచె లోపలే అయినా సరే, గైడుకు కేకేస్తే వినపడేంత దూరంలో అయినా సరే, చాలు. లోతుగా అడవిలోకి వెళ్తేనే నిశ్శబ్దం దొరుకుతుందనుకోవద్దు. క్యాంపు అంచున ఉన్న ఒక నల్లమద్ది కింద కూర్చున్నా పొద్దున ఆరున్నరకు వినపడేది అడవే.

ఈ బుకింగులు, సఫారీల గొడవ వద్దనుకుంటే అహోబిలం ఉంది. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహస్వామి గుడికి వెళ్లేది భక్తులు నడిచే దారి, అదంతా నల్లమలే. మామూలు రోజు చూసుకుని తెల్లవారగానే బయల్దేరితే వాగు పక్కన పెద్ద బండల మీద, దారికి కనబడేంత దగ్గరలోనే, హాయిగా కూర్చోవచ్చు. శనివారాలు, స్వాతి నక్షత్రం రోజులు, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు మాత్రం వదిలేయండి, ఆ జనంలో ఇది కుదరదు.

ఇంకో సంగతి, ఈ అడవి దారుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టుల దగ్గర గేట్లు వేసేస్తారు. హైదరాబాద్‌లో సాయంత్రం ఆఫీసయ్యాక బయల్దేరి గేటు దగ్గర ఇరుక్కుని, రాత్రంతా కారులో పడుకుని, పొద్దున్నే చిరాకుగా వెళ్లి కూర్చుంటే మనసు నిలవదు. ముందురోజు మధ్యాహ్నానికల్లా చేరి, కడుపునిండా తిని, త్వరగా పడుకోవడం కూడా ఈ పనిలో భాగమే అనుకోండి.

ఎప్పుడు

జులై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీలు ఉండవు, మూసేస్తారు. కార్తీకం నుంచి మాఘం వరకు, అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అందరికీ అనువైన కాలం. కార్తీకంలో వాగులు ఇంకా పారుతుంటాయి, గడ్డి మనిషి ఎత్తు ఉంటుంది, దూరం కనబడదు, దగ్గరున్న వాటినే చూడాలి. మాఘం వచ్చేసరికి గడ్డి పసుపెక్కుతుంది, టేకాకులు రాలుతుంటాయి, ఒక్క ఆకు పడినా చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది మాఘమే, ఎందుకంటే అప్పుడు అడవి పలచబడి చూపు లోపలికి పోతుంది, చలి కూడా ఓర్చుకోగలిగినంతే ఉంటుంది.

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మోదుగలు పూస్తాయి, ఆకు లేని కొమ్మల నిండా ఎర్రటి పూలే. కొండగోగు పసుపు పూలు కూడా అప్పుడే. ఎంతో అందంగా ఉంటుంది, ఆ అందం వల్లే మనసు ఫొటోల మీదికి పోతుంది, కాబట్టి ఆ నెలల్లో వెళ్తే ఫొటోలకు ఒక పూట, కూర్చోవడానికి ఒక పూట అని ముందే విడదీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అడవికి నిప్పంటుకునే కాలం, జంతువులు నీళ్ల కోసం తిరుగుతుంటాయి. అప్పుడు మనం పోయి వాటి నీళ్ల దగ్గర కూర్చోవడం న్యాయం కాదు.

కూర్చునే గంట

పొద్దున్నే వెళ్లండి, వెలుగొచ్చిన వెంటనే. సాయంత్రం కూడా బాగుంటుంది గానీ చీకటి పడుతుందన్న ధ్యాస ఒకటి వెనకాల లాగుతుంటుంది, దోమలు కూడా. ఒక గోనెసంచో పాత దుప్పటి ముక్కో మడిచి కింద వేసుకోండి, వీపు ఆనించడానికి బండ గానీ లావుపాటి మొద్దు గానీ చూసుకోండి. కూర్చునే ముందు రెండు పనులు తప్పకుండా చెయ్యాలి. పైకి చూడాలి, ఎండిన కొమ్మలు, తేనెపట్లు ఉన్నాయేమో. కింద చూడాలి, చీమల బారు, పాము దూరేంత కన్నం, జంతువులు నడిచిన సన్నటి దారి ఉన్నాయేమో. జంతువుల దారికి అడ్డంగా ఎప్పుడూ కూర్చోకూడదు.

ఇక మొదటి 15, 20 నిమిషాలు. ఇక్కడే చాలామంది లేచిపోయేది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. మనం నడిచి వచ్చే చప్పుడుకు చుట్టుపక్కల పిట్టలన్నీ నోరు మూసుకుంటాయి, ఉడతలు ఆగిపోతాయి. మనం కూర్చోగానే వినపడే ఆ నిశ్శబ్దం అడవిది కాదు, మన వల్ల వచ్చింది. అది చూసి ఇక్కడేం లేదే అనుకుంటాం. కదలకుండా ఉంటే పది నిమిషాలకో పావుగంటకో ఒక పిగిలిపిట్ట ముందు పలుకుతుంది. తర్వాత ఎక్కడో వడ్రంగిపిట్ట కొట్టడం మొదలుపెడుతుంది, దూరంగా నెమలి అరుస్తుంది, ఎండుటాకుల్లో అడవికోడి గీరుతున్న చప్పుడు వస్తుంది. ఆగిపోయిన పనులు ఒక్కొక్కటే మళ్లీ మొదలవుతాయి. మనం అక్కడున్నామన్న సంగతి అవి ఒప్పుకున్నాయన్నమాట. ఈ మొదటి పావుగంటలో ఏమీ ఆలోచించాలని ప్రయత్నించకండి, అవి తిరిగి మొదలయ్యే దాకా ఆగడమే మీ పని.

ఆ తర్వాత చెవులతో ఒక చిన్న పని చెయ్యండి. ముందు చేతికందేంత దగ్గరలో ఏం వినిపిస్తోందో వినండి, ఒక ఈగ, మీ చొక్కా కదిలే చప్పుడు, మీ ఊపిరి. తర్వాత ఒక చెట్టు దూరం, తర్వాత వాగు దాకా, తర్వాత ఎదురు కొండ దాకా. అలా దూరం పెంచుకుంటూ పోయి మళ్లీ దగ్గరికి రండి. కళ్లు కూడా ఒక దాని మీద గుచ్చి పెట్టకుండా ఎదురుగా ఉన్నదంతా ఒకేసారి చూస్తున్నట్టు వదిలేయండి, కదిలేది ఏదైనా అదే కనబడుతుంది. ఇలా కొంతసేపు చేస్తే లోపల పరుగు దానంతట అదే తగ్గుతుంది, తగ్గించాలని పట్టుబడితే తగ్గదు.

ఇప్పుడు ఆలోచన. వెళ్లేముందే ఒక ప్రశ్న అనుకుని వెళ్లండి, ఒక్కటే. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న వద్దు. "ఉద్యోగం మారాలా వద్దా" అని కూర్చుంటే మనసు రెండు వైపులా వాదిస్తూ గంటంతా తినేస్తుంది. "ఈ ఉద్యోగంలో నన్ను అలసిపోయేలా చేస్తున్నది ఏది" అని అడగండి. "అన్నయ్యతో మాట్లాడాలా" అని కాకుండా "మేమిద్దరం చివరిసారి బాగా ఉన్నప్పుడు ఏం జరుగుతుండేది" అని. ప్రశ్నను ఒకసారి మనసులో అనుకుని వదిలేసి మళ్లీ చెట్ల వైపు చూడండి. జవాబు కోసం వెతకొద్దు. మధ్యలో ఏవేవో వస్తాయి, చిన్నప్పటి బడి, ఎవరో అన్న మాట, కరెంటు బిల్లు. రానివ్వండి, పోనివ్వండి. వాటిలో ఏదో ఒకటి రెండుసార్లు వస్తుంది, అది పట్టించుకోవాల్సినది.

ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే మాత్రం ప్రశ్న ఏదీ తీసుకెళ్లకండి. మనకు ఇళ్లల్లో ఏడవడానికి చోటు దొరకదు. పదకొండు రోజులూ బంధువులు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, వంటలు, కర్మలు, తర్వాత బ్యాంకులు, సర్టిఫికెట్లు. పెద్దకొడుకో పెద్దకూతురో అయితే ఇంకా కష్టం, అందరికీ ధైర్యం చెప్పే పని వాళ్ల మీద పడుతుంది. మా నాన్న పోయిన ఏడాది నేను ఎప్పటిలాగే వెళ్లి కూర్చున్నాను. నాన్న బీడీలు తాగేవాడు, నా చుట్టూ ఉన్నవేమో తునికి మొక్కలు, ఆ ఆకుతోనే కదా బీడీలు చుట్టేది. ఇన్నేళ్లుగా అక్కడే ఉన్న మొక్కలు, ఆ రోజే అవి తునికి అని నాకు పట్టింది. ఆ గంటంతా ఏడ్చాను. అలా ఏడవాల్సిన వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఏ మొహమాటమూ లేకుండా వెళ్లండి, తోడు వచ్చినవాళ్లకు ముందే చెప్పండి, కళ్లు తుడుచుకోవడానికి ఒక తువ్వాలు పెట్టుకోండి.

ఏమీ కలగని ఏడాది కూడా ఉంటుంది. కూర్చుంటాం, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఏ ఆలోచనా రాదు, లేచి వస్తాం. దాన్ని వృథా అనుకోకండి. మరుసటి ఏడు వచ్చి కూర్చున్నప్పుడు ఆ ఖాళీ గంట కూడా లెక్కలోకి వస్తుంది, ఆ ఏడాది అంత మొద్దుబారిపోయి ఉన్నామా అని అప్పుడు తెలుస్తుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోకుండా

నల్లమలలో నేను పులికంటే ఎలుగుబంటికి ఎక్కువ జాగ్రత్త పడతాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి, వాటికోసం ఎలుగులు వస్తాయి, ఆ వేళ ఇప్పచెట్టు కిందికి గానీ దగ్గరికి గానీ పోవద్దు. పుట్టలు తవ్వి ఉన్న చోట కూడా కూర్చోవద్దు. కొండముచ్చులు చెట్టు చివర నుంచి కిందికి చూస్తూ దగ్గినట్టు పదే పదే అరుస్తుంటే, దుప్పులు ఒకే గొంతుతో ఆగకుండా పిలుస్తుంటే, కణితి (సాంబార్ జింక) గట్టిగా ఒక్కో అరుపు అరిచి ఆగుతుంటే, ఏదో పెద్ద జంతువు అటుగా కదులుతోందని. చూద్దామని ఎదురెళ్లకుండా, పరుగెత్తకుండా, లేచి నెమ్మదిగా గైడు దగ్గరికో క్యాంపు వైపుకో వచ్చేయాలి. ఇవి కొంత తెలిసి ఉంటే మనసుకు ధైర్యంగా ఉంటుంది, ఊరికే ఆకు కదిలినా ఉలిక్కిపడే టెన్షన్ ఉండదు.

సెంటు, వాసన నూనెలు వద్దు, తేనెటీగలు రేగితే తప్పించుకోవడం కష్టం. అగరుబత్తీ, కర్పూరం, సిగరెట్ ఏదీ వెలిగించకూడదు, ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ చాలు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, మట్టిరంగువి. వచ్చాక ఒంటి మీద పిడుదులు ఉన్నాయేమో చూసుకుని స్నానం చెయ్యండి. సాయంత్రం దోమతెర తప్పనిసరి, అడవి మలేరియాను తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్లు స్టీలు సీసాలో తీసుకెళ్లండి. ఈకైనా, రాయైనా, గింజైనా అక్కడిది అక్కడే వదిలేయాలి.

తోడు వచ్చినవాళ్లు

ఒక్కరే వెళ్లమని నేను చెప్పను, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడమే మంచిది. కానీ ముందే ఒప్పందం చేసుకోండి: పొద్దున ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఎవరి చోట వాళ్లు, మాటల్లేవు, ఆ తర్వాతే టీ. కూర్చుని వచ్చాక "నీకేమనిపించింది" అని వెంటనే అడగొద్దు. చెప్పాలనుకున్నవాళ్లు రాత్రి భోజనాల దగ్గర చెబుతారు.

వనభోజనాలకు వెళ్లే పెద్ద కుటుంబమైతే ఇది భోజనాలకు ముందే పెట్టాలి, తిన్నాక ఎవరూ కూర్చోలేరు, కునుకు వస్తుంది. ఉసిరిచెట్టు కింద పూజయ్యాక అందరూ తలో దిక్కున అరగంట కూర్చుందామని ఇంట్లో పెద్దావిడ చేత చెప్పిస్తే ఎవరూ కాదనరు. మైకులు, స్పీకర్లు ఆ పూటకు ఇంట్లో పెట్టి రావాలని కూడా ఆమె చేతే చెప్పించండి. పిల్లలకు మౌనం అనకుండా పని ఇవ్వండి, పది రకాల చప్పుళ్లు విని గుర్తుపెట్టుకుని రమ్మంటే ఎనిమిదేళ్ల పిల్లలు కూడా పావుగంట కదలకుండా ఉంటారు, మనకు వినపడనివి కూడా చెబుతారు.

గైడుగా వచ్చేది చాలాసార్లు చెంచు మనిషే ఉంటాడు. తరతరాలుగా ఆ అడవిలోనే బతుకుతున్నవాళ్లు, శ్రీశైలం మల్లన్ననూ అహోబిలం నరసింహస్వామినీ ఇంటి అల్లుళ్లుగా చెప్పుకునేవాళ్లు. ఆయన్ని అన్నా అనో, పెద్దవాడైతే పెద్దాయనా అనో పిలవండి, నువ్వు పోరా అన్నట్టు మాట్లాడొద్దు. ప్రతి ఏడూ ఒక నాలుగు చెట్ల పేర్లు ఆయన దగ్గర నేర్చుకోండి. చిరుమాను, బిల్లుడు, ఏపి, తపసి అని పేర్లు తెలిసిన కొద్దీ మన బండ చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటే కనబడటం మొదలవుతాయి, నాకు ఆ అడవి దగ్గరైంది సగం ఆ పేర్ల వల్లే. పెంటల్లోకి, అంటే చెంచుల గూడేల్లోకి, మాత్రం ఫొటోల కోసం పోవద్దు, అవి వాళ్ల ఇళ్లు. ఆయన సమయానికి తగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి.

రాసుకోవడం

ఒక చిన్న నోటుపుస్తకం ఈ ట్రిప్పుకే అని పెట్టుకోండి, ఏడాదంతా బీరువాలో ఉండాలి, అడవికి వెళ్లేటప్పుడే బయటికి రావాలి. కూర్చున్న గంట అయ్యాక, లేవకముందే, పెన్సిల్‌తో ఒక పేజీ. తేదీ, తిథి, ఎవరెవరం వచ్చాం, వాగులో నీళ్లెంత ఉన్నాయి, ఏ చెట్టు పూతలో ఉంది, ఏ పిట్ట వినపడింది. ఇవి ముందు రాసుకుంటే చెయ్యి కదులుతుంది. ఆ తర్వాత మనసులో రెండుసార్లు వచ్చిన సంగతి ఏమిటో అది రాయండి, వ్యాకరణం చూసుకోవద్దు, ఎవరికీ చూపించక్కర్లేదు. అది రాశాకే పోయినేటి పేజీ తిప్పండి, ముందే చదివితే ఈ ఏడు కూడా అదే రాసేస్తాం. పక్కపక్కన రెండు పేజీలు చదువుకుంటే వచ్చే జ్ఞానం కోసమే నేను చోటు మార్చొద్దని అంతగా చెప్పింది. ఒకే సంగతి మూడు నాలుగు ఏళ్లు వరుసగా కనబడితే ఇక దాన్ని వాయిదా వెయ్యకూడదు, ఊరికి తిరిగి వెళ్లాక దాని గురించి ఎవరో ఒకరితో మాట్లాడాలి, కావాలంటే డాక్టర్‌తో.

అడవిలో కూర్చుని పెద్ద నిర్ణయం తీసుకుని సిగ్నల్ రాగానే ఫోన్ చేసి చెప్పేయడం చాలామంది చేస్తారు, అది వద్దు. ఉద్యోగం మానేస్తాననో, విడిపోదామనో, ఆస్తి రాసిచ్చేస్తాననో అక్కడ అనిపించవచ్చు, అది నిజమే కావచ్చు కూడా. పుస్తకంలో రాసుకుని ఒక వారం ఆగండి. బండ మీద తేలిగ్గా కనబడిన దారి ఇంట్లో అందరి మధ్య కూర్చుని చూస్తే ఎలా ఉంటుందో తెలియాలి కదా. వారం తర్వాత కూడా మనసు అదే మాట మీద ఉంటే, అప్పుడు దగ్గరివాళ్లను కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పండి. ఇక వచ్చే ఏటి సంగతి, తిరిగి రాగానే క్యాలెండర్‌లో అదే నెల గుర్తు పెట్టుకుని, శని ఆదివారాలు కాకుండా మధ్యలో రెండు రోజులు సెలవు అడిగి ఉంచుకోండి. వారాంతాల్లో గదులు త్వరగా నిండిపోతాయి, జనం కూడా ఎక్కువ.